మాటు వేసిన కెమెరా



సికింద్రాబాదునకు ఉత్తరపు అంచున యాప్రాల్ అను ఊరు కలదు. మేము అచటి నివాసులము. ఊరికి ఒక వంక సైనికుల భూములు. వేరొక వంక దినదినము పైకి లేచుచున్న మేడలు. సైనిక భూములలో అన్యులకు ప్రవేశము లేదు గనుక తుమ్మయు, వేపయు, సీతాఫలమును తమ ఇచ్చ వచ్చినట్లు పెరిగి నెమళ్ళకు, ముంగిసలకు, కుందేళ్ళకు నీడ నిచ్చుచున్నవి. నెమలి కూతతో నిద్ర లేచు భాగ్యము నగరవాసులలో మాబోటి కొలదిమందికే దక్కినది.

గడచిన శీతకాలమున మా వీథిలో ఒక కలకలము పుట్టినది. చివరి ఇంటి పెద్దాయన దొడ్డిలో కోళ్ళను పెంచుచుండును. పది దినములలో నాలుగు కోళ్ళు మాయమైనవి. అర్ధరాత్రి వేళ పొడవైన తోక గల జంతువొకటి ప్రహరీగోడపై నడచిపోవుట ఎవరో చూచిరి. మరునాటికి అది చిరుతపిల్ల యయ్యెను. ఆ మరునాటికి తల్లి చిరుతయు తోడయ్యెను. సాయంకాలము ఆరు దాటిన పిమ్మట పిల్లలను వీథిలోనికి పంపుట మానిరి. మా కావలివాడు ముందుకు వచ్చి, "నా కండ్లతోని చూసిన సార్, అది చిరుత పిల్లనే. ఒక్క క్లచ్చు తీగ ఇప్పియ్యుండ్రి, పొద్దుగాల వరకు ఉచ్చుల ఉంటది" అనెను. పెద్దాయనయు సరే యనెను.

ఉచ్చునకు కోళ్ళదొంగ ఎవరో, దారిన పోవు ప్రాణి ఏదో తెలియదు. కాలు పెట్టిన దెల్ల దానికి చిక్కును. బిగిసిన తీగను తెంపుకొనబోయి జంతువు తెల్లవార్లు పెనగులాడి, కడకు నడుమో, కాలో తెగి చచ్చును. అంతియ గాక, 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఉచ్చు పన్నుట కూడ వేటయే. అది శిక్షింపదగిన నేరము. ఈ మాటలన్నియు చెప్పి, "అయ్యా! మాకు మూడు రాత్రులు గడువిండు. ముందు దొంగ ముఖము చూతము, శిక్ష మాట పిమ్మట" అని పెద్దాయనను వేడుకొంటిమి. మా యొద్దనున్న చిన్న కెమెరా ఒకటే మాకు ధైర్యము.

దీనిని ట్రయల్ కెమెరా అనియు, కెమెరా ట్రాప్ అనియు అందురు. మన పత్రికలు ట్రాప్ కెమెరా అని వ్రాయుచున్నవి. ఈ ప్రసంగమున మేము దీనిని మాటు కెమెరా అందుము. పూర్వము వేటగాడు నీటిగుంట చెంత మంచె కట్టియో, గొయ్యి త్రవ్వియో ఊపిరి బిగబట్టి కూర్చుండు చోటునకు మాటు అని పేరు గదా! ఇప్పు డా మాటులో మనిషికి బదులు రెండు అరచేతులంత పెట్టె యొకటి కూర్చుండును. దానికి తుపాకి లేదు. ఓపిక మాత్రము వేటగానికంటె హెచ్చు.

ఈ తలపు నేటిది కాదు. అమెరికా దేశమున జార్జి షైరాస్ అను నాతడు జంతువులు నడచు త్రోవకు అడ్డముగా దారము కట్టి, జంతువు దానిని తగిలినంతనే మెరుపుమందు వెలిగి చిత్రము పడునట్లు ఏర్పాటు చేసెను. ఆ రాత్రి చిత్రములను 1906లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ప్రకటించినది. మన దేశమున 1920 ప్రాంతముల అటవీశాఖ ఉద్యోగియైన ఎఫ్. డబ్ల్యు. చాంపియన్ శివాలిక్ కొండల అడవులలో అటులనే పులుల చిత్రములను తీసి, 1927లో గ్రంథముగా వెలువరించెను. తక్కినవారు పులి తలలను గోడలకు తగిలించుకొను కాలమున ఆయన పులి చిత్రములతో తృప్తి పడెను.

నేటి కెమెరాకు దారముతో పని లేదు. దాని ముఖమున వేడిని గ్రహించు సెన్సారు ఒకటి ఉండును. ఎదుటనున్న నేల, చెట్టు, రాయి ఇచ్చు వేడికిని, నడచి వచ్చు ప్రాణి శరీరపు వేడికిని గల భేదమును అది కనిపెట్టును. ఆ భేదము కదలినపుడే కెమెరా మేల్కొని చిత్రము తీయును. కావున దీనికి రెండు కావలెను: వేడిలో తేడా యొకటి, కదలిక యొకటి. ఈ సూక్ష్మము తెలిసినచో తక్కిన విషయము లన్నియు వానంతట అవియే బోధపడును. మన ప్రాంతమున మే నెల మధ్యాహ్నమున ఎండ నలువది డిగ్రీలు దాటును. అపుడు నేలవేడియు జంతువు ఒంటి వేడియు సమానమగుటచే సెన్సారునకు చూపు మందగించును. అదే కెమెరా పుష్యమాసపు రాత్రి దూరాన పోవు కుందేలును గూడ వదలదు.

మొదటి రాత్రి మేము చేసిన తప్పులను దాచక చెప్పెదము. వినువారికి అవి పాఠములు కాగలవు. జామచెట్టు బోదెకు రొమ్మెత్తున కెమెరాను కట్టితిమి. ముఖము తూర్పునకు పెట్టితిమి. ఎదుటనున్న ఆముదపు కొమ్మను నరుక మరచితిమి. తెల్లవారి చూడగా వేయికి పైగా చిత్రములు! ఎంతో ఆశతో ఒక్కొక్కటే త్రిప్పితిమి. అన్నియు ఆముదపాకులే. ఉదయసూర్యుడు నేరుగా కంటిలో పడుట, వేడెక్కిన ఆకు గాలికి ఊగుట, ఊగినప్పుడెల్ల కెమెరా దానిని జంతువని భ్రమించుట — ఇదియే ఆ రాత్రి సంపాదన. రెండు గంటల పది నిమిషములకు పడిన ఒక్క చిత్రములో మాత్రము గోడ మీద ఒక పొడవైన తోక కొన కనబడెను. అది చూచి వీథివారి అనుమానము తీరకపోగా మరింత బలపడెను.

ఆ తోక మాకు కెమెరాను ఎంచుకొనుటలోని మొదటి నీతిని నేర్పెను. అంగడివాడు ముందుగా మెగాపిక్సెళ్ళ లెక్క చెప్పును. ఆ లెక్కకు మోసపోరాదు. అనేక కెమెరాలలో అసలు సెన్సారు చిన్నది. పెద్ద సంఖ్య చిత్రమును సాగదీసి చెప్పునదే. అడుగవలసినది వేరు: సెన్సారు కదలికను గుర్తించినది మొదలు చిత్రము పడు వరకు ఎంత కాలము పట్టును? అర సెకండు లోపున పడిన జంతువు నిలువెల్ల దక్కును. సెకండు దాటిన తోకయే దక్కును. ఒక చిత్రము తీసిన పిమ్మట మరల సిద్ధమగుటకు ఎంతసేపు పట్టునో దానిని గూడ అడుగుట మంచిది. తల్లి వెనుక పిల్లలు వచ్చుచుండును గదా!

రెండవది రాత్రి వెలుగు. ఇందు మూడు తెగలు కలవు. తెల్లని మెరుపు నిచ్చునవి రంగుల చిత్రమిచ్చును. పులిచారలు, చిరుతమచ్చలు స్పష్టముగా పడును. కాని జంతువు బెదరవచ్చును, దొంగ కంటబడి కెమెరాయే పోవచ్చును. 850 నానోమీటర్ల పరారుణ కాంతి నిచ్చునవి దూరము వరకు వెలిగించును. వెలుగునపుడు కెమెరా ముఖమున సన్నని ఎరుపు కనబడును. 940 నానోమీటర్ల కాంతి కంటికి బొత్తిగా కనబడదు. అయితే దాని పరిధి కొంత తక్కువ. ఇంటి దొడ్డికి, కోళ్ళగూటికి ఈ మూడవదే మేలు.

మూడవది బ్యాటరీ. సామాన్యమైన ఆల్కలైన్ సెల్లులు క్రమముగా క్షీణించి, చిత్రము తీయగలిగినను రాత్రి వెలుగు నీయలేని స్థితికి వచ్చును. లిథియం సెల్లులు ఖరీదైనవైనను కడవరకు బలము చూపును. పాత సెల్లులను క్రొత్తవానితో కలుపరాదు. సిమ్ కార్డు పెట్టి చిత్రమును అప్పటికప్పుడు ఫోనునకు పంపు కెమెరాలును వచ్చినవి. ఊరిలోనికి చిరుత వచ్చినపుడు అవి మిక్కిలి ఉపకరించును; దొడ్డి కాపునకు అంత వెచ్చము అక్కరలేదు. వానకాలమున పెట్టె మూత బిగువుగా పట్టవలెను. లోపల తేమను పీల్చు సిలికా పొట్లము ఒకటి ఉంచిన మంచిది. చీమలు అందులో కాపురము పెట్టక మానవు, చూచుకొనుచుండవలెను.

ఇక అమర్చు విధము. ముఖము ఉత్తరమునకు ఉండుట ఉత్తమము. తూర్పు పడమరలు పనికిరావు. కట్టు ఎత్తు జంతువును బట్టి ఉండవలెను. పులులకు, చిరుతలకు అటవీశాఖవారు మోకాలెత్తున, అనగా నేలకు సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తున కట్టుదురు. పిల్లికి, ముంగిసకు ఇంకను దిగువన కట్టవలెను. త్రోవకు పది పన్నెండడుగుల దూరము చాలును. ఎదుటనున్న గడ్డిని, కొమ్మలను తీసివేయవలెను. జంతువు కెమెరా కెదురుగా వచ్చుటకంటె అడ్డముగా పోవునపుడు సెన్సారు త్వరగా గుర్తించును. తేదీ, గంట సరిగా పెట్టవలెను; కాలము తప్పిన చిత్రము సాక్ష్యమునకు పనికిరాదు. అన్నియు అయిన పిమ్మట జంతువు నడచునట్లు నాలుగు కాళ్ళ మీద కెమెరా ముందు ప్రాకి చూడవలెను. అడవిలో ఉద్యోగులు చేయు పరీక్ష ఇదియే. రెండవ సాయంకాలము మేమును అటులనే ప్రాకితిమి. మా ఇంటివారు నవ్విరి గాని కెమెరా మాత్రము మమ్ము గౌరవముగా చిత్రించెను.

పెద్ద అడవులలో ఈ చిన్న పెట్టె చేసిన కార్యము సామాన్యమైనది కాదు. పూర్వము పులులను పాదముద్రలను బట్టి లెక్కించెడివారు. ఒకే పులి అడుగు బురదలో ఒక తీరుగను, ఇసుకలో వేరొక తీరుగను పడును. ఒకటి రెండగును, రెండు నాలుగగును. రాజస్థానములోని సరిస్కా అడవిలో కాగితము మీద పులులుండగా, నిజముగా ఒక్కటియు మిగులలేదని 2005లో తేలినది. అంతటితో పాదముద్రల లెక్కకు కాలము చెల్లినది. అంతకు ముందే, 1990 తరువాతి తొలి వత్సరములలో, కర్ణాటకమున నాగరహొళె అడవిలో ఉల్లాస్ కారంత్ అను శాస్త్రజ్ఞుడు కెమెరా చిత్రములతో పులులను లెక్కించు మార్గమును చూపియుండెను. మనుష్యుల వేలిముద్రలవలె ఏ రెండు పులుల చారలును ఒక్కటి కావు. ఒకే పులికి గూడ కుడి ప్రక్క చారలు వేరు, ఎడమ ప్రక్క చారలు వేరు. అందువలన త్రోవకు ఇరువైపుల రెండు కెమెరాలను ఎదురెదురుగా, ఒకదాని వెలుగు మరొకదాని కంటిలో పడకుండ కొంచెము ఓరగా కట్టుదురు.

2022వ సంవత్సరపు అఖిల భారత పులుల గణనలో 32,588 తావులందు కెమెరాలను అమర్చిరి. వానిలో పడిన చిత్రములు నాలుగు కోట్ల డెబ్బది లక్షలకు పైబడినవి. అందులో పులులవి 97,399 మాత్రమే. వానినుండి 3,080 వేర్వేరు పులులను గుర్తించిరి. ఆముదపాకులను వేయిసార్లు చూచి విసిగిన మాకు ఈ అంకెలు ఎంతో ఊరట నిచ్చినవి.

మన తెలంగాణములో నల్లమల యందలి అమ్రాబాద్, గోదావరికి ఆవలనున్న కవ్వాల్ పులుల అభయారణ్యములలోను ఇదే పద్ధతి. కవ్వాల్ వైపునకు మహారాష్ట్ర అడవులనుండి పులులు ప్రాణహిత దాటి వచ్చుచుండును. అట్లు వచ్చిన పులి ఏదో, ఎచటినుండి వచ్చినదో చారలే చెప్పును. అమ్రాబాద్‌లో చెంచులు అటవీ రక్షకులుగా పనిచేయుచున్నారు. ఏ నీటి పాయ చెంత ఏ జంతువు ఏ వేళ దిగునో వారికి తెలిసినంత ఏ యంత్రమునకును తెలియదు. కెమెరాను ఎచట కట్టవలెనో చెప్పగలవాడు వలసినపుడే కెమెరా విలువ. లేనిచో అది చెట్టునకు కట్టిన పెట్టె.

చిరుత భయము మా వీథివారి కూరక పుట్టినది కాదు. 2020 మే నెలలో కాటేదాన్ చెంత జాతీయ రహదారిపైననే ఒక చిరుత పట్టపగలు పండుకొని, జనము పోగుకాగా తప్పించుకొని పోయెను. అయిదు నెలలకు గాని అది రాజేంద్రనగర్ ప్రాంతమున బోనులో చిక్కలేదు. 2024 ఏప్రిల్ కడపట శంషాబాదు విమానాశ్రయపు ప్రహరీ దాటి ఒక చిరుత లోపలికి వచ్చినది. అటవీశాఖవారు కెమెరాలు అమర్చి, దాని జాడ తెలిసికొని, బోనులు పెట్టి, కొలది దినములలో దానిని ప్రాణముతో పట్టి నల్లమలకు పంపిరి. విమానములు దిగు చోట ఒక్క తుపాకి గుండు పేలకుండ పని ముగిసినది. దీనికి విరుద్ధముగా, అదే సంవత్సరము జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో రెండు పులులు చనిపోయినవి. పశువు కళేబరమునకు విషము పట్టించుటయే కారణమని వెల్లడియైనది. భయమునకు కన్ను తోడైన చోట చిరుత బ్రదికినది. కోపమునకు విషము తోడైన చోట పులి చచ్చినది.

అయితే కెమెరా తనంతట ధర్మాత్మురాలు కాదు. అమెరికాలో జింకల వేటగాండ్రు మగజింక ఏ వేళ ఏ త్రోవన వచ్చునో ముందుగా తెలిసికొనుటకు దీనిని విరివిగా వాడుదురు. వేటకు అనుమతి యున్న ఆ దేశమున గూడ, జంతువునకు తప్పించుకొను అవకాశము లేకుండ చేయుట న్యాయము కాదను చర్చ బయలుదేరి, ఆరిజోనా రాష్ట్రమువారు 2022 జనవరి 1 నుండి వేటకై ఈ కెమెరాలను వాడరాదని నిషేధించిరి. మన దేశమున వేటయే నిషిద్ధము. కావున ఇచట దీనికి చూచుట తప్ప వేరు పని ఉండరాదు. అభయారణ్యములలో అనుమతి లేనిదే దీనిని కట్టరాదు. అరుదైన జంతువు చిత్రము పడినచో ఆ చోటి గుర్తును నలుగురికి పంపరాదు; పంపిన వార్త ఉచ్చు పన్నువాని చెవికి చేరుటకు ఎంతోసేపు పట్టదు.

ఇంకొక మాట. కెమెరాకు పులియు మనిషియు ఒక్కటే. వేడి కలిగి కదలునది ఏదైనను చిత్రమగును. కార్బెట్ అడవి చెంతనున్న పల్లెల స్త్రీలు కట్టెలకై అడవికి పోవునపుడు మృగములు దూరముగా తొలగుటకై బిగ్గరగా పాడుచు, మాటాడుచు పోవుదురు. కెమెరాలు తమ్ము చూచుచున్నవని తెలిసిన పిమ్మట వారు సిగ్గున గొంతు తగ్గించి, ఎరుగని త్రోవలలో ఇంకను లోపలికి పోవుచుండిరని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో వెల్లడించిరి. కాపాడవలసిన కన్నే అపాయము తెచ్చుట ఎంత విపరీతము! కావున మన దొడ్డిలో కట్టినను పొరుగువారి వాకిలి, బావి, స్నానపు చావడి అందులో పడకుండ చూడవలెను. కట్టినట్లు వారికి ముందుగా చెప్పవలెను. మేము ఇంటింటికి పోయి చెప్పితిమి. సైనిక భూముల వైపు కెమెరా ముఖమైనను త్రిప్పలేదు.

ఇక మా వీథి దొంగ సంగతి. రెండవ రాత్రి కెమెరాను దిగువకు దించి, ఉత్తరమునకు త్రిప్పి, కొమ్మలను నరికి కట్టగా, మరల రెండు గంటల ప్రాంతమున గోడపై ఆ పొడవైన తోకయే వచ్చెను. ఈసారి దాని ముందున్న దేహమును వచ్చెను. అది మానుపిల్లి. గోడ వెంబడి వచ్చి, సపోటా చెట్టెక్కి, పండిన కాయలు రెండు తిని, వచ్చిన దారినే పోయెను. కోళ్ళ వైపు చూడనైన చూడలేదు. వీథివారు నమ్మలేదు. "ఆకలైన రాత్రి చూచునులెండు" అనిరి.

మూడవ రాత్రి కెమెరాను కోళ్ళగంపకు ఎదురుగా కట్టితిమి. నాలుగు గంటల నలువది నిమిషములకు తలుపు గేటు క్రింది సందునుండి ఒక మూతి కనబడెను. తరువాతి చిత్రమున మెడ, ఆ తరువాత నడుము. గంప దొరలినది. అయిదవ కోడి పోయినది. దొంగ మొగము మాత్రము వెన్నెలవలె తేటగా పడినది. అది మా కావలివాడు నిత్యము రాత్రి తన పళ్ళెములో మిగిలిన మెతుకులు పెట్టు వీథికుక్క!

కావలివాడు ఆ చిత్రమును చేతబట్టుకొని చాలసేపు మాటాడలేదు. కడకు, "వీని కోసమా సార్ నేను ఉచ్చు పెడ్తనంటిని!" అనెను. పెద్దాయన ఆ దినమే తాపీమేస్త్రిని పిలిపించి గేటు క్రింది సందును రెండు వరుసల ఇటుకలతో మూయించెను. కోళ్ళ నష్టము అంతటితో ఆగినది. పిల్లలు సాయంకాలము మరల వీథిలో ఆడుకొనుచున్నారు.

ఆ రాత్రి ఉచ్చు పన్నియుండినచో మొదట దానిపై నడచిపోయి యుండునది కుక్క కాదు. రెండు గంటలకు వచ్చు మానుపిల్లి. తెల్లవారి దాని శవమును చూచి అందరమును దొంగ చిక్కెనని సంతోషించి యుందుము. అయిదవ కోడి పోయిన పిమ్మట మరియొక ఉచ్చు పన్నియుందుము. తెలియక చేసిన వేటకు అంతు ఉండదు.

మానుపిల్లి ఇప్పటికిని వచ్చుచున్నది. పెద్దాయన సపోటా చెట్టున దిగువ కొమ్మల కాయలు కోసికొని, పై కొమ్మవి దానికని వదలుచున్నాడు. నెలకొకసారి మా వాకిట నిలిచి, "ఏమయ్యా, మన చుట్టము బాగున్నదా?" అని అడుగుచుండును. మేము కెమెరాలోని కార్డు తీసి చూపుచుందుము.

సెలవు.